ఐదు గళ్లు నింపడానికి ఎంత గుంజుతారు? – ఓ లెక్కల టీచరు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోని విదేశీ విద్యా కన్సల్టెన్సీల నిర్వాహకులకు,
ప్రైవేటు పాఠశాలల, జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు,
రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఎనిమిదేళ్ల నుంచి, అమెరికాలో డిగ్రీ చదవాలని దరఖాస్తు పెట్టే పిల్లలకు రికమెండేషన్ లెటర్లు కూడా రాస్తున్నాను. ఆ ఫారాల్లో అవార్డులు రాసే చోట ఏం నింపుతున్నారో, దానికోసం ఇళ్లలో ఏం జరుగుతోందో దగ్గర్నుంచి చూస్తున్నాను.

ఆ ఫారాలు నింపడానికని డబ్బుకి అవార్డులు అమ్మే ఈ వ్యాపారం మీద నిరుడు జూన్‌లో మా యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చాను. ఆగస్టులో ఒక కన్సల్టెన్సీకి రాశాను. డిసెంబర్‌లో విద్యాశాఖ కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాను. మొదటిదానికి "చూద్దాం మేడమ్" అన్నారు. రెండోదానికి జవాబుగా వాళ్ల సేల్స్ వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, మా అబ్బాయికి ప్రొఫైల్ బిల్డింగ్ ప్యాకేజీ, అంటే ఫారంలో రాసుకోవడానికి అవార్డులూ అవీ సమకూర్చిపెట్టే ప్యాకేజీ, కావాలా అని. మూడోదానికి ఇన్‌వర్డ్ నంబరు వేసిచ్చారు. ఆ నంబరు ఇప్పటికీ నా పర్సులో ఉంది. అందుకే ఇక అందరికీ వినపడేలా రాస్తున్నాను.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి సంగతి ముందు చెప్పాలి. వాళ్ల నాన్నగారిది చిన్న హార్డ్‌వేర్ షాపు. అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ఇద్దరూ ఒక సెమినార్‌కి వెళ్లారు. "మార్కులు అందరికీ ఉంటాయండీ, మీ పాపకి అవార్డులేవీ?" అని అక్కడ అడిగారట. ఆ ఒక్క మాటకి ఆయన బెదిరిపోయి, చిట్టీ పాడి రెండు లక్షల నలభై వేలు కట్టారు. దానికి వచ్చినవి ఇవీ: పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్న నాలుగు ఒలింపియాడ్ల పతకాలు, ముగ్గురి పేర్లతో అచ్చైన ఒక 'పరిశోధన పత్రం', హోటల్లో శాలువా కప్పి ఇచ్చిన ఒక 'యంగ్ అచీవర్' షీల్డు. షీల్డు మంచి బరువుగా ఉంది, నేను పట్టుకుని చూశాను. ఈ హడావిడిలో ఆ ఏడాది ఆ పిల్ల లెక్కల మార్కులు 91 నుంచి 74కి పడ్డాయి. దరఖాస్తు పెట్టిన తొమ్మిది కాలేజీల్లో ఒక్కదాంట్లోనూ సీటు రాలేదు.

ఆ అవార్డుల వల్లే రాలేదని నేననను. ఎందుకు తీసుకోలేదో ఏ కాలేజీ విడమర్చి చెప్పదు. కానీ ఆ తండ్రికి ప్యాకేజీ అంటగట్టేటప్పుడు చెప్పిన మాట, అవార్డుల్లేకపోతే ఫారం పక్కన పడేస్తారన్న మాట, నిజం కాదు. ఎందుకు కాదో, అవార్డుకి ఉన్న అసలు తూకం ఎంతో నాకు తెలిసినంత చెబుతాను. ఇందులో రహస్యం ఏమీ లేదు, అన్నీ కాలేజీలు బయటపెట్టినవే.

వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్ ఫారంలో చదువు తాలూకు గుర్తింపులకి ఇచ్చినవి ఐదే గళ్లు. ఒక్కో గడిలో ఖాళీలతో కలిపి వంద అక్షరాలు పడతాయి. పక్కన ఏ తరగతిలో వచ్చిందో, స్కూలు స్థాయో, రాష్ట్ర స్థాయో, జాతీయమో, అంతర్జాతీయమో టిక్కు పెట్టాలి. అంతే. షీల్డు ఫొటో పెట్టడానికి అక్కడ చోటు లేదు. తరగతులు కూడా తొమ్మిది నుంచే మొదలవుతాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన చుట్టాలు "మావాడు స్పెల్లింగ్ బీలో అంతదాకా వెళ్లాడు, ఇక కాలేజీకి ఢోకా లేదు" అంటుంటారు. స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ ఎనిమిదో తరగతి దాటినవాళ్లని రానివ్వదు, ఫారమేమో తొమ్మిదో తరగతి నుంచి అడుగుతుంది! అక్కడ నేర్చుకున్న మాటలూ పట్టుదలా ఎటూ పోవు గానీ, ఆ కప్పు ఈ గళ్లలోకి రాదు.

ఇంకో కాగితం ఉంది. అమెరికా కాలేజీలు చాలా వరకు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం బయటపెడతాయి. అందులో సీ7 అనే పట్టికలో, అడ్మిషన్‌కి దేన్ని ఎంత చూస్తారో ఆ కాలేజీయే టిక్కు పెట్టి చెబుతుంది: చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అని. ఎంత కష్టమైన సబ్జెక్టులు తీసుకున్నారు, మార్కుల సగటు, క్లాసులో ర్యాంకు, టెస్టు స్కోరు, ఎస్సే, రికమెండేషన్లు, యాక్టివిటీలు, ప్రతిభ, స్వభావం, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్నవాళ్లా కాదా, సేవ, చేసిన పని... ఇలా సాగుతుంది జాబితా. 'అవార్డులు' అని విడిగా ఒక్క వరుస లేదు. ఏ కన్సల్టెన్సీ గోడ మీదా ఈ పట్టిక అంటించి ఉండటం నేను చూడలేదు. అవార్డుని వాళ్లు వేరే దేనికో సాక్ష్యంగా చూస్తారు. ఈ పిల్ల లెక్కల మీద నిజంగా మనసు పెట్టింది అనడానికి అదొక సాక్ష్యం. డబ్బిచ్చి తెచ్చుకున్న సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది?

కోర్టు అంటే గుర్తొచ్చింది. హార్వర్డ్ అడ్మిషన్ల మీద బోస్టన్‌లో 2018లో విచారణ జరిగింది, 2019లో తీర్పు వచ్చింది. 2019లో డిగ్రీ పూర్తిచేయాల్సిన బ్యాచ్‌కి అమెరికా లోపలి నుంచి వచ్చిన దరఖాస్తులే సుమారు 26 వేలని ఆ తీర్పులో ఉంది. వాళ్లలో మార్కుల సగటు నిండుగా ఉన్నవాళ్లు 8 వేలు దాటారు. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో, లెక్కల్లో పూర్తి మార్కులు వచ్చినవాళ్లు 3,500 మంది. సీట్లు సుమారు 1,600. సరిగ్గా ఈ అంకెల్నే మీ సెమినార్లలో ఆయుధంగా వాడతారు: చూశారా, మార్కులతో తేలదు, కాబట్టి అవార్డులు కొనండి అని. మొదటి సగం నిజమే. రెండో సగమే మీరు అతికించింది. మార్కులతో తేలనప్పుడు వాళ్లు చూసేది ఆ పిల్ల రాసిన ఎస్సే, టీచరు చెప్పిన మాట, ఎక్కడి నుంచి వచ్చి ఎంత దూరం నడిచింది అన్నది. అవార్డు కూడా చూస్తారు, కాదనను. కానీ ఎలాంటి అవార్డు?

ఇక్కడ నా సబ్జెక్టు పనికొస్తుంది. నేను క్లాసులో చెప్పేది ఒక్కటే: అవార్డంటే భిన్నం. లవం ఎంత, హారం ఎంత, రెండూ చెప్పు. ఎంతమంది రాస్తే ఎంతమందికి ఇచ్చారు? రాసినవాళ్లు ఎవరు? అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కి దేశం మొత్తం మీద ఆరుగురు వెళ్తారు. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో మన ఆరుగురు నాలుగు బంగారు పతకాలు తెచ్చి దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టారు. ఆ పిల్లల ఫారం చదివేవాళ్లకి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. ఆ ఆరుగురిలో ఉండక్కర్లేదు కూడా. ఆ జట్టుకి మన దేశంలో మెట్లు మూడు: తొలి అర్హత పరీక్ష ఐఓక్యూఎం, ప్రాంతీయ స్థాయిది ఆర్‌ఎంఓ, జాతీయ స్థాయిది ఐఎన్‌ఎంఓ. మొదటి రెండూ దాటి ఐఎన్‌ఎంఓ దాకా వెళ్లిన పిల్లకీ ఆ భిన్నం గట్టిదే. సైన్సులో అయితే ఫిజిక్స్ టీచర్ల సంఘం ఐఏపీటీ నవంబర్‌లో పెట్టే ఎన్‌ఎస్‌ఈ అనే తొలి దశ పరీక్షలు, ఆ పైన ముంబైలోని హోమీ భాభా సెంటర్ నడిపే దశలు. వీటి ఫీజు వందల్లోనే. ఇక మీరమ్మే పతకాలో? ఫీజు కట్టిన ప్రతి స్కూల్లో, ప్రతి తరగతిలో మొదటి ముగ్గురికీ బంగారం, వెండి, కంచు. పాతిక మంది రాస్తే ముగ్గురికి పతకం. దానికి పేరు 'ఇంటర్నేషనల్'. నేతిబీరకాయలో నెయ్యి లాంటిదే. చిన్న పిల్లలు సరదాగా రాస్తే నాకేం అభ్యంతరం లేదు, మా స్కూల్లో నేనే రాయించాను ఒకప్పుడు. దాన్ని కాలేజీ టికెట్టుగా అమ్మడం మీదే నా గొడవ.

ఇక్కడే చదివే పిల్లల మాట రెండు ముక్కల్లో అయిపోతుంది. ఈఏపీసెట్ సీట్లలో ఆటలకీ ఎన్‌సీసీకీ కోటా ఉంది గానీ మీరమ్మే పతకాలకీ షీల్డులకీ సున్నా. ఐఐటీ మద్రాస్, ఐఐటీ కాన్పూర్ 2025 నుంచి ఒలింపియాడ్ దారిలో కొన్ని సీట్లు ఇస్తున్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ అంతకుముందు నుంచే ఇస్తున్నాయి. అన్నిచోట్లా లెక్కలోకి వచ్చేవి పైన చెప్పిన అసలు ఒలింపియాడ్ దశలే. ఇంగ్లండ్ వెళ్లాలనుకుంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చూసేది సబ్జెక్టు మీద పట్టు, పరీక్ష, ఇంటర్వ్యూ.

ఈ అవార్డుల వ్యాపారం వల్లా, దానికి తోడైనవాటి వల్లా మామూలు ఇళ్లలో జరుగుతున్నవి ఇవీ:

1. చిట్టీ డబ్బు పోతోంది. కూతురి పెళ్లికనో, ఇంటి పైఅంతస్తుకనో దాచుకున్నది తీస్తున్నారు. విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది పక్కన పెట్టి ఫారం చదివే కాలేజీలు అమెరికాలో చాలా కొద్ది: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటివి. మిగతా చాలా చోట్ల ఎంత సాయం అడుగుతున్నావన్నది కూడా సీటు మీద ప్రభావం చూపుతుంది. ఈ సంగతి చెప్పకుండా షీల్డు అమ్మడం, దారి చెప్పకుండా చెప్పులు అమ్మినట్టుంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశ విద్యార్థులు 3,31,602 మందైతే, అందులో డిగ్రీ పిల్లలు 36 వేల పైచిలుకే. అంటే మీ వ్యాపారం ఇన్నాళ్లూ ఎంఎస్ వాళ్ల మీద నడిచింది. డిగ్రీ అడ్మిషన్ తీరు వేరు, అది నేర్చుకునే ఓపిక లేక ప్యాకేజీ పెట్టేశారని నా అనుమానం.

2. మార్కులు పడిపోతున్నాయి. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి. అమెరికా కాలేజీలకి ట్రాన్స్‌క్రిప్టు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులతో వెళ్తుంది. మన దగ్గర పది, పన్నెండు తప్ప మిగతావి లెక్కలోకి రావన్న నమ్మకం ఉంది. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పదకొండు స్కూలు పరీక్షలే కదా, చూసీచూడనట్టు పోతారు. ఇంటర్ కాలేజీల్లోనేమో మార్కుల కోసం సంస్కృతం, ర్యాంకు కోసం ఎంపీసీ, మిగతాదంతా దండగ. కానీ అవతల ఫారం చదివే మనిషి మొట్టమొదట చూసేది ఈ నాలుగేళ్ల గీత పైకి పోతోందా, కిందికి జారుతోందా అని. సరిగ్గా ఆ పదకొండో తరగతిలోనే మీరు పిల్లల చేత శని, ఆదివారాలు నాలుగు ఒలింపియాడ్లూ, ఒక 'రీసెర్చ్ మెంటార్‌షిప్పూ' చేయిస్తున్నారు. త్రికోణమితి అర్థంకాకుండా పన్నెండులోకి వస్తున్నారు. ట్యూషన్ మానేసి ఒలింపియాడ్ కోచింగ్‌కి వెళ్లిన పిల్లవాణ్ణి నేను చూశాను. బరువెక్కువ ఉన్నదాన్ని వదిలి, బరువులేనిదాన్ని మోస్తున్నారు.

3. నిజంగా చెప్పుకోదగ్గవి ఫారంలోంచి కొట్టుకుపోతున్నాయి. హార్డ్‌వేర్ షాపు అమ్మాయి గురించి మీకు చెప్పనిది ఒకటుంది. తొమ్మిదో తరగతి నుంచి ఆ షాపు లెక్కలు ఆ పిల్లే చూస్తోంది. నెలనెలా జీఎస్టీ బిల్లులు సర్దేది, అరువు ఖాతాలు రాసేది, ఏ సైజు పైపులు ఏ నెలలో ఎక్కువ పోతాయో చూసి నాన్నకి ఆర్డరు చెప్పేది. ఒక వేసవిలో నోటుబుక్కులన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించింది. కామన్ అప్లికేషన్‌లో యాక్టివిటీలకి పది గళ్లుంటాయి, వాటి రకాల్లో ఇంటి బాధ్యతలు, జీతానికి చేసే పని రెండూ ఉన్నాయి. కష్టపడే ఇళ్ల పిల్లలు రాసుకోవాలనే వాటిని పెట్టారు. ఆ అమ్మాయి మొదటి ముసాయిదాలో షాపు సంగతి రాసింది. కన్సల్టెన్సీ కౌన్సెలర్ అది కొట్టేసి, "ఇది ఇంటర్నేషనల్ లుక్ ఇవ్వదు" అని పక్కన రాశాడు. దాని స్థానంలో షీల్డుకి సంబంధించిన క్లబ్బు పేరు పెట్టించాడు. ఆ కాగితం నాకు చూపించినప్పుడు ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నా రికమెండేషన్‌లో కూడా షాపు ప్రస్తావన లేదు. అంతవరకు నాకూ తెలియదు. అడగనందుకు తప్పు నాది కూడా.

4. సర్కారు బడి పిల్లలు అసలు గేటు దాకా రావడం లేదు. మా స్కూల్లో ఆయమ్మ మనవడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు. చురుకైన కుర్రాడు. "అన్ని షీల్డులు మాకెక్కడ వస్తాయి మేడమ్" అన్నాడు ఒకసారి. వాడికి ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ వచ్చింది! కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని సర్కారు బడి పిల్లలకి పరీక్ష పెట్టి, దేశమంతా కలిపి ఏటా లక్ష మందికి ఇచ్చే స్కాలర్‌షిప్ అది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12 వేల రూపాయలు. పరీక్ష ఎనిమిదిలో రాసినా, స్కాలర్‌షిప్ అందుకునేది తొమ్మిది నుంచి. అది ఆ ఐదు గళ్లలో రాసుకోదగ్గదని ఆ కుర్రాడికి చెప్పినవాళ్లు లేరు. బడి పిల్లల సైన్సు ఆలోచనలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌లో ఆలోచన ఎంపికై పదివేలు అందుకున్న పిల్లలు జిల్లాకి ఎంతోమంది ఉంటారు, వాళ్లకీ తెలియదు. హోటల్లో శాలువా కప్పించుకున్నవాడికి మాత్రం అది అవార్డని గట్టి నమ్మకం.

5. ప్రభుత్వం వేసిన నిచ్చెనలు తీసేశారు. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష, మనందరి నోట ఎన్‌టీఎస్‌ఈ, 1963 నుంచి నడిచింది. పదో తరగతి పిల్ల రాష్ట్రంలో ఒకసారి, దేశం మొత్తంలో ఒకసారి నెగ్గితే ఇంటర్‌లో నెలకి 1,250, డిగ్రీలో నెలకి 2,000 రూపాయలు. డబ్బు కన్నా ఆ పేరుకి విలువ. లవం, హారం రెండూ ప్రపంచంలో ఎవరికైనా చెప్పుకోగలిగినవి. 2021 తర్వాత దాన్ని నిలిపేశారు. సైన్సు చదివే పిల్లలకి ఫెలోషిప్ ఇచ్చేందుకు 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన, కేవీపీవై, 2022లో ఆగిపోయింది. ఆ రెండూ పోయాక తల్లిదండ్రుల దగ్గరికి ఎవరొచ్చారు? మీరొచ్చారు, బ్రోచర్లతో. నా పాత విద్యార్థుల్లో ఎన్‌టీఎస్‌ఈ వచ్చిన ఇద్దరి తండ్రులూ ఆర్టీసీ కండక్టర్లు. ఇప్పటి కండక్టరు కూతురికి ఆ మెట్టే లేదు.

6. అబద్ధం అలవాటవుతోంది. ఫారం చివర పిల్లలు ఇదంతా నిజమని సంతకం పెట్టాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన ఫారంలో యాక్టివిటీలూ అవార్డులూ కలిపి 20 దాకా రాసుకోనిస్తుంది, కానీ కొన్ని దరఖాస్తుల్ని లాటరీ తీసినట్టు తీసి రుజువులు అడుగుతుంది. ఇవ్వకపోతే దరఖాస్తు రద్దు. 2024లో పెన్సిల్వేనియాలో మన దేశ విద్యార్థి ఒకడు దొంగ పత్రాలతో పూర్తి స్కాలర్‌షిప్ సంపాదించి, దొరికి, నేరం ఒప్పుకుని తిరిగొచ్చాడు. కొన్న షీల్డు అంత నేరం కాదు. కానీ ముగ్గురు పిల్లలు ఒక్క ముక్క రాయని 'పరిశోధన పత్రం' మీద నన్ను రెండు మంచి మాటలు రాయమన్నారు. రాయనన్నాను. ఆ పిల్లల్లో ఒకరి తల్లి నా మీద ఇప్పటికీ కోపంగానే ఉంది. నేను రాసి ఉంటే, తర్వాతి ఏడాది నిజంగా కష్టపడిన పిల్ల గురించి అదే కాలేజీకి రాసే ఉత్తరానికి విలువేముంటుంది?

ఇక నేను అడిగేవి.

కన్సల్టెన్సీల నిర్వాహకులకు:

ఒకటి. మీరు అమ్మే, లేదా కమీషన్‌కి అంటగట్టే ప్రతి అవార్డు పక్కనా మూడు అంకెలు తెలుగులో అచ్చు వేయండి: నిరుడు ఎంతమంది రాశారు, ఎంతమందికి ఇచ్చారు, ఒక్కో పిల్ల కట్టిన మొత్తం ఎంత. ఇవి చెప్పలేని అవార్డు మీ బ్రోచర్‌లో ఉండకూడదు.

రెండు. డబ్బు తీసుకునే ముందు ఆ పిల్ల అనుకుంటున్న కాలేజీల సీ7 పట్టికలు తల్లిదండ్రుల చేతిలో పెట్టండి. డబ్బు ఖర్చయ్యే పని కాదు.

మూడు. పరిశోధన పత్రాల ప్యాకేజీలు ఆపండి. దీనికి సర్దుబాటు లేదు.

నాలుగు. పదకొండో తరగతి పరీక్షలకి రెండు నెలల ముందు నుంచి పిల్లల్ని వదిలిపెట్టండి.

పాఠశాలల, జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు: ఐఓక్యూఎం, ఎన్‌ఎస్‌ఈ రాయాలనుకునే పిల్లల కోసం మీ బడిని పరీక్షా కేంద్రంగానైనా చేయండి, లేదంటే దగ్గరి కేంద్రంలో రాసేలా వాళ్ల పేర్లైనా ఎక్కించండి. దానికి ఒక టీచరుకి వారంలో రెండు పీరియడ్లు ఖాళీ ఇస్తే చాలు, నేను పదేళ్లుగా లంచ్ టైములో చేస్తున్న పనే అది. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద 'మా స్కూలుకి 47 అంతర్జాతీయ స్వర్ణాలు' అని వేయడం మానండి. ఆ 47 ఎన్ని తరగతుల్లోంచి వచ్చాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకి ట్రాన్స్‌క్రిప్టు సంగతి ఏడాది మొదట్లోనే చెప్పండి. ప్రైవేటు ఒలింపియాడ్ల నుంచి బడికి వచ్చే కమీషన్ ఎంతో నోటీసుబోర్డు మీద పెట్టండి. ఈ ఆఖరి మాట రాసినందుకు నా ఉద్యోగం ఏమవుతుందో చూడాలి.

విద్యాశాఖ అధికారులకు:

ఒకటి. ఎన్‌టీఎస్‌ఈని తిరిగి మొదలుపెట్టమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కేంద్ర విద్యాశాఖకి రాయాలి. ఈలోగా రాష్ట్ర స్థాయిలో అలాంటి పరీక్ష మీరే పెట్టొచ్చు, పాత మొదటి దశ నడిపింది రాష్ట్రాలే.

రెండు. ఎన్‌ఎంఎంఎస్, ఇన్‌స్పైర్ మానక్ వచ్చిన ప్రతి పిల్లకీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ సర్టిఫికెట్ ఇవ్వండి, అందులో ఎంతమందిలోంచి ఎంపికయ్యారో రాయండి. ఇప్పుడు చాలామందికి చేతిలో ఉన్న రుజువు బ్యాంకు పాసుబుక్కులో పడిన ఎంట్రీ ఒక్కటే.

మూడు. గురుకులాల్లో, మోడల్ స్కూళ్లలో, జిల్లాకి కనీసం రెండు జడ్పీ హైస్కూళ్లలో ఐఓక్యూఎం రాసే పిల్లల ఫీజు శాఖే కట్టాలి. వందల్లో ఉన్న ఫీజు, మీ బడ్జెట్‌లో కనపడను కూడా కనపడదు.

నాలుగు. బడి ప్రాంగణంలో ప్రైవేటు అవార్డులు అమ్మడానికి అనుమతి ఎవరిస్తున్నారో విచారించండి. నా వినతిపత్రం మీ కార్యాలయంలోనే ఉంది, ఇన్‌వర్డ్ నంబరు అడిగితే ఇస్తాను.

అమెరికా కాలేజీలవాళ్లు తెలుగు చదవరు కాబట్టి వాళ్లకి విడిగా ఇంగ్లీషులో రాస్తున్నాను. ఆ ఐదు గళ్ల పైన "డబ్బు కట్టి పొందిన గుర్తింపులకి ఇక్కడ విలువ లేదు" అని ఒక్క వాక్యం పెట్టమని అడుగుతాను. వాళ్లు ఆ ఒక్క వాక్యం పెడితే ఇక్కడ సగం ప్యాకేజీలు అమ్ముడుపోవు.

ఐఓక్యూఎం పేర్ల నమోదు వానాకాలంలోనే ముగుస్తుంది. అమెరికా కాలేజీల్లో ముందస్తు దరఖాస్తులకి చాలాచోట్ల గడువు నవంబర్ 1. అందుకని మీ జవాబు కోసం జులై నెలాఖరు దాకా చూస్తాను. హార్డ్‌వేర్ షాపు అమ్మాయి ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పెడుతోంది. పదింటిలో మొదటి గడిలో షాపు రాసింది. అవార్డుల ఐదు గళ్లలో రెండు నింపి మూడు ఖాళీగా వదిలేసింది, నేను చెప్పకుండానే.

మీ నుంచి ఏమీ రాకపోతే ఆగస్టులో జరిగే పేరెంట్స్ మీటింగ్‌కి, దొరికినన్ని ప్యాకేజీ బ్రోచర్లు తెచ్చి మా క్లాసు బల్ల మీద పరుస్తాను. ఒక్కోదాని పక్కన రెండు గళ్లు గీసిన తెల్ల కాగితం పెడతాను. పై గడిలో లవం, కింది గడిలో హారం. తల్లిదండ్రులు మీకు ఫోన్ చేసి అడిగి నింపుకుంటారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
హైదరాబాద్